నాన్నగారి పానాల సంచి

నాన్నగారు ఖైరతాబాదులోని తన కార్ల మరమ్మతు షెడ్డును ఖాళీ చేసినప్పుడు బెంచీ వైసును, ట్రాలీ జాకీని తన దగ్గర పని నేర్చుకున్న కుర్రవాడికి ఇచ్చివేసి, ఖాకీ గుడ్డ సంచిని మాత్రం ఇంటికి తెచ్చుకున్నారు. ఆయన పోయాక అది నాకు వచ్చింది. సంచిలో ఉన్నవి దాదాపు అన్నీ అంబాసిడర్ కారుకు పనికివచ్చే ఇంచీ పానాలు. నాకు ఉన్నది మారుతి 800. పాత ఇనుముకు వేసేయమని బంధువు ఒకరు చెప్పారు. ఆ మాటలో తప్పు పట్టవలసిందేమీ లేదు.

అంబాసిడర్‌కు మూలం ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కావడంతో, పాత 1489 సీసీ ఇంజనులో నట్లన్నీ అంగుళాల లెక్కనే ఉండేవి. 1/2 అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు కాబట్టి 13 నంబరు (13 మిల్లీమీటర్ల) పానా దాని మీదికి సులువుగానే ఎక్కుతుంది, అసలు చిక్కంతా అక్కడే ఉంది. పదో తరగతి సెలవుల్లో నేను ఒక టాక్సీలో కార్బురేటరును (పెట్రోలును గాలితో కలిపే భాగం) మానిఫోల్డుకు, అంటే ఇంజనులోకి వెళ్లే గొట్టానికి, బిగించే నట్టుకు అలాగే 13 పానా తగిలించి బలంగా లాగాను. నట్టు ఊడలేదు గానీ దాని ఆరు మూలలూ అరిగి గుండ్రబడ్డాయి. చివరకు నాన్నగారు సన్నని ఉలితో దాన్ని చీల్చి తీయవలసి వచ్చింది. "మిల్లీ పానా ఇంచీ నట్టుకు పెట్టకురా, అది పట్టినట్టే ఉంటుంది" అని మాత్రం అన్నారు. ఆ రోజు టాక్సీ యజమాని చూసిన చూపు కంటే ఆ మాటే నాకు ఎక్కువ గుర్తుంది.

ఆ నట్టు కోసమే ఆయన ఒక పానాను ప్రత్యేకంగా తయారు చేసుకున్నారు. పైన కార్బురేటరు అడ్డం ఉండటం వల్ల మామూలు పానాకు అక్కడ తిరిగే చోటు దొరకదు. అందుకని 1/2 అంగుళం పానాను సగానికి కోసి, మూతిని గ్రైండింగ్ చక్రం మీద పల్చగా అరగదీసి, వేడి ఎక్కి ఉక్కు మెత్తబడకుండా మాటిమాటికీ నీళ్లలో ముంచేవారు. పానా మూతి కాడకు 15 డిగ్రీలు వంకరగా ఎందుకుంటుందో నాకు తెలిసింది దానితోనే: ఒకసారి తిప్పి, పానాను బోర్లించి మళ్లీ పెడితే, 30 డిగ్రీల చోటు ఉన్నా చాలు, నట్టు కొంచెం కొంచెంగా ఊడి వస్తుంది. ఇప్పుడు దానితో పనేమీ లేకపోయినా, చేతిలోకి తీసుకుంటే బొటనవేలు ఆనేచోట ఏర్పడిన నునుపు తెలుస్తూనే ఉంటుంది.

నేను నిజంగా వాడుతున్న వాటిలో మొదటిది ఫిల్లర్ గేజ్, అంటే సన్నని సందులను కొలిచే పల్చటి ఉక్కు రేకుల కట్ట. మందం ఎంతో ప్రతి రేకు మీదా అంగుళాల్లోనూ, మిల్లీమీటర్లలోనూ చెక్కి ఉండటం వల్ల దానికి ఏ కారైనా ఒకటే. అంబాసిడర్ టాపెట్లకు, అంటే ఇంజను వాల్వులను కదిలించే భాగాల దగ్గర ఉండే సందుకు, 0.015 అంగుళం రేకు పెట్టేవారు. ఏ వాల్వు సందు ఎప్పుడు చూడాలో తెలియడానికి తొమ్మిది లెక్క ఉండేది: ఎనిమిదో వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు ఒకటోది, ఆరోది తెరుచుకున్నప్పుడు మూడోది, అంటే రెండు వాల్వుల నంబర్లూ కలిపితే తొమ్మిది రావాలి. రేకు ఎంత బిగువుగా జరగాలో ఏ పుస్తకమూ సరిగ్గా చెప్పలేదు. నాన్నగారు నా వేళ్ల మీద తన వేళ్లు ఉంచి లాగించి, పట్టీ పట్టనట్టు రావాలని చూపించారు.

రెండోది టామీ హ్యాండిలు, అంటే నట్టు మీద టోపీలా కూర్చునే గోటీలను తిప్పే కడ్డీ. మారుతి కోసం రాణిగంజ్‌లో గోటీల సెట్టు కొన్నప్పుడు గోటీలన్నీ 10, 12, 14 అంటూ మిల్లీమీటర్లలోనే ఉన్నాయి గానీ, వాటి వెనుక హ్యాండిలు దూర్చే చదరపు రంధ్రం మాత్రం 1/2 అంగుళమే. ఇనుప సామాను అమ్మేవారికి ఇదేమీ వింత కాదు, నాకు మాత్రం ఆ రోజంతా నవ్వు వస్తూనే ఉంది. సెట్టుతో వచ్చిన హ్యాండిలును డిక్కీలో పడేసి నాన్నగారి హ్యాండిలునే వాడుతున్నాను. పొడవు ఎక్కువ కావడంతో బిగుసుకుపోయిన బోల్టుకు పైపు తొడగవలసిన అవసరం రాదు.

సంచిలో 9/16 పానా ఒక్కటే లేదు, ఎవరో అడిగి తీసుకువెళ్లి తిరిగి ఇవ్వలేదు. నిరుడు ఒక ఆదివారం ఎర్రగడ్డ సంతలో, నేల మీద పరిచిన పట్టా పైన, తుప్పు పట్టిన గొలుసుల మధ్య ఆ కొలత పానా కనిపించింది. నాన్నగారి పానాలన్నింటి మీదా సెంటర్ పంచ్‌తో కొట్టిన మూడు చుక్కలు ఉంటాయి కాబట్టి ముందుగా వాటి కోసమే వెతికాను. చుక్కలు లేవు, ఉలితో కొట్టిన రెండు గీతలు ఉన్నాయి. బేరమాడకుండానే కొని, కిరోసినులో నానబెట్టి తుడిచి సంచిలో పెట్టాను. చుక్కలు కొడదామని పంచ్ చేతిలోకి తీసుకున్నాను గానీ, ఆ రెండు గీతలు ఏ షెడ్డులో ఎవరు కొట్టుకున్నవో అనిపించి, మళ్లీ లోపల పెట్టేశాను.