రైల్వే లైనుకి పబ్లిక్ హియరింగ్ ఉండదు, మరి అభ్యంతరం ఎక్కడ చెప్పాలి?

ఇళ్ల వెనకాల రెండో లైనో మూడో లైనో వస్తోందని తెలియగానే కాలనీ సంఘాల వాళ్లు అడిగే మొదటి ప్రశ్న, "పబ్లిక్ హియరింగ్ ఎప్పుడు?" అని. ఉండదంటే చాలామంది నమ్మరు. 2006 సెప్టెంబరు 14 నాటి పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్‌లో, ముందస్తు అనుమతి కావాల్సిన పనుల జాబితాలో విమానాశ్రయాలున్నాయి, ఓడరేవులున్నాయి, రహదారులున్నాయి. రైల్వే లైను లేదు, మెట్రో లేదు. ముందస్తు పర్యావరణ అనుమతే అక్కర్లేనప్పుడు కాలుష్య నియంత్రణ మండలి నెల ముందు ప్రకటన ఇవ్వడం, సభ పెట్టడం, దాన్ని వీడియో తీయడం ఏవీ జరగవు.

2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉంది కదా అంటారు. ఆ చట్టం నాలుగో షెడ్యూల్ తెరిచి చూడండి. 1989 రైల్వే చట్టం, 1978 మెట్రో నిర్మాణ చట్టం రెండూ అక్కడున్నాయి. వాటి కింద భూమి తీసుకుంటే పరిహారం, పునరావాసం 2013 లెక్క ప్రకారం ఇవ్వాలి, ప్రభావ అంచనా మాత్రం చేయనక్కర్లేదు.

కాబట్టి పేపర్లో నోటీసు పడితే ముందు సెక్షన్ నంబరు చూడండి. రైల్వే చట్టం 20ఎ (భూమి తీసుకోబోతున్నామన్న నోటిఫికేషన్) అని ఉంటే, 20డి కింద అభ్యంతరానికి గడువు 30 రోజులు. పేపర్లో వచ్చేది సారాంశం మాత్రమే కాబట్టి గెజిట్ తేదీ నుంచి లెక్కేసుకోవడం క్షేమం. అదే 2013 చట్టం సెక్షన్ 11 నోటీసైతే 60 రోజులు. 30 అనుకుని కంగారు పడినా నష్టం లేదు, 60 అనుకుని కూర్చుంటే పోయినట్టే.

భూసేకరణ అధికారికి ఇచ్చే అర్జీలో గ్రామం, సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా, విస్తీర్ణం, లైను ఏ కిలోమీటరు దగ్గర మీ భూమిని కోస్తోంది, పక్కకి జరిపితే ఎటు జరపొచ్చు, ఇవన్నీ ఉండాలి. స్వయంగా వినిపించుకునే అవకాశం కావాలని ఒక వాక్యం రాసి, ఆఫీసులో ముద్ర వేయించుకున్న నకలు దగ్గర పెట్టుకోండి. "రేటు చాలదు" అని ఇక్కడ రాస్తే పనికిరాదు, అది అవార్డు (పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) తర్వాత ఆర్బిట్రేటర్, అంటే మధ్యవర్తి దగ్గర తేలాల్సిన మాట. ఒకే అర్జీని వందమంది జిరాక్స్ తీసి సంతకాలు పెట్టడం ఇంకో పొరపాటు: వందకీ కలిపి ఒక్క పేరాలో తిరస్కరించేస్తారు. 20ఎ వెలువడిన ఏడాదిలోగా 20ఇ ప్రకటన రాకపోతే నోటిఫికేషన్ చెల్లదు, ఆ తేదీ కూడా రాసి పెట్టుకోండి. 20ఇ వచ్చిందంటే భూమి కేంద్రానికి దఖలు పడినట్టే.

ఇదంతా భూమి పోయేవాళ్ల సంగతి. సెంటు భూమి కూడా పోకుండా పట్టాలకి ముప్ఫై మీటర్ల దూరంలో ఉండేవాళ్లకి చట్టం తెరిచిన తలుపు దాదాపు లేదు. నా దృష్టిలో అసలు లోటు ఇదే. రాత్రి నిద్ర చెడేది వాళ్లకే.

వాళ్ల చేతిలో ఉన్నది సమాచార హక్కు. పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. అభ్యంతరాల గడువు కూడా 30 రోజులే కాబట్టి నోటీసు పడ్డాక దరఖాస్తు పెడితే జవాబొచ్చేసరికి గడువు దాటిపోతుంది. లైను ఎటు వెళ్లాలో ఖరారు చేసే ఫైనల్ లొకేషన్ సర్వే వాళ్లు మేకులు కొట్టి రాళ్లకి రంగు వేస్తున్నప్పుడే పెట్టాలి. డీపీఆర్ (సమగ్ర ప్రాజెక్టు నివేదిక)లో పర్యావరణ అధ్యాయం, కొట్టేయబోయే చెట్ల లెక్క, కల్వర్టుల నీటి లెక్కలు, శబ్దం కొలతలు అడగండి.

శబ్దం దగ్గర ఒక తిరకాసు ఉంది. నివాస ప్రాంతానికి పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. అది సగటు, రైలు దాటే అర నిమిషం హోరు అందులో కలిసిపోతుంది. పైగా నగరంలో ఇప్పటికే పరిమితి దాటి ఉంటుంది కాబట్టి "పెరుగుదల స్వల్పం" అని రాసేస్తారు. అడగాల్సింది రాత్రి పది తర్వాత ఎన్ని రైళ్లు అని. పగలు లోకల్ రైళ్లు నిండితే గూడ్సులు రాత్రికి జరుగుతాయి. గోడ కడతామంటే ఎంత ఎత్తో అడగండి, కింది అంతస్తుకి పనికొచ్చే గోడ రెండో అంతస్తు కిటికీకి పనికిరాదు.

లెవెల్ క్రాసింగ్ తీసేస్తే హారన్ మోత తగ్గుతుంది, నిజమే. బదులుగా వచ్చే అండర్ బ్రిడ్జి వానాకాలంలో చెరువవుతుంది. సంపు ఎక్కడ, పంపు సామర్థ్యం ఎంత, కరెంటు పోతే ఏం చేస్తారు, తోడిన నీళ్లు ఏ కాలవలోకి వదులుతారు, ఈ నాలుగూ రాతపూర్వకంగా రాబట్టండి. వేసవిలో చేసిన సర్వేలో ఆ నీళ్లు కనబడవు.

విదేశీ అప్పుంటే పరిస్థితి కాస్త మెరుగు. ముంబై లోకల్ విస్తరణ మూడో దశకి ఏఐఐబీ (ఆసియా మౌలిక వసతుల పెట్టుబడి బ్యాంకు) 50 కోట్ల డాలర్లు ఇస్తోంది. పన్వేల్-కర్జత్ లైను, విరార్-దహాను నాలుగు లైన్లు అందులోవే. అప్పిచ్చేవాడి నియమాల వల్ల ప్రభావ అంచనా పత్రాలు బయటపెట్టాల్సి వస్తుంది, ఫిర్యాదుల వ్యవస్థ పెట్టాల్సి వస్తుంది. మన చట్టం అడగనిది బ్యాంకు అడుగుతోంది!

జనాన్ని అడుగుతూ కూర్చుంటే పనులు ఆగిపోతాయన్న వాదన మాత్రం నిలవదు. హైదరాబాద్ లోకల్ రైళ్ల (ఎంఎంటీఎస్) రెండో దశ 2012-13లో మంజూరైంది. మేడ్చల్, ఉందానగర్ రైళ్లు 2023లో, సనత్‌నగర్-మౌలాలి 2024లో మొదలయ్యాయి. సనత్‌నగర్-మౌలాలి దగ్గర అడ్డుపడ్డది రక్షణ శాఖ భూమి. పబ్లిక్ హియరింగ్ అసలు లేనే లేదు.

చివరికి పర్యావరణ వివాదాలు వినే హరిత ట్రైబ్యునల్‌కే వెళ్లాల్సి వస్తే, ఆ ట్రైబ్యునల్ చట్టం సెక్షన్ 14 కింద గడువు వివాదానికి కారణం మొదట తలెత్తిన రోజు నుంచి ఆరు నెలలు. నాలా పూడ్చడానికి మొదటి ట్రాక్టరు మట్టి పోసిన రోజే ఫోటో తీసి, తేదీతో సహా దాచండి.