టీసీఎఫ్ కెనడా: అజర్టీ కీబోర్డు దగ్గర నేను తిన్న దెబ్బ

కెనడా ఇమిగ్రేషన్ కోసం రాసే ఫ్రెంచ్ పరీక్ష టీసీఎఫ్ కెనడా, దాని రిజల్ట్ మొత్తానికి వచ్చింది. రైటింగ్‌లో 20కి 13, అంటే ఎన్‌సీఎల్‌సీ (ఫ్రెంచ్ ఎంత వచ్చో చెప్పే కెనడా కొలత) 8. మిగతా మూడూ 7 దాటాయి. లిజనింగ్, రీడింగ్ గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, అందరూ చేసేదే చేశాను. స్పీకింగ్‌లో టాష్ 2కి (టాష్ అంటే పరీక్షలో ఇచ్చే ఒక్కో టాస్క్) ప్రశ్నలు అడగడం బాగా ప్రాక్టీస్ చేయండి, అంతే. నేను రాయాలనుకున్నది మొదటి అటెంప్ట్‌లో రైటింగ్‌లో వచ్చిన 8 మార్కుల గురించి.

అప్పటికి ఏడాదిగా ఫ్రెంచ్ చదువుతున్నాను. ఇంట్లో మామూలు ఇంగ్లీష్ కీబోర్డు మీద యూఎస్ ఇంటర్నేషనల్ లేఅవుట్ పెట్టుకుని రాసేవాణ్ణి, అందులో అపాస్ట్రఫీ కొట్టి ఇ కొడితే ఆక్సెంట్ దానంతటదే పడుతుంది. మూడు టాష్‌లూ 50 నిమిషాల్లో అయిపోయేవి. సెంటర్లో కీబోర్డు ఎలా ఉంటుందో ఎవరినైనా అడగాలన్న ఆలోచనే రాలేదు.

పరీక్ష రోజు టాష్ 1, స్నేహితురాలికి మెసేజ్. 'బోంజూర్' అని కొట్టాను, శుభ్రంగా పడింది. ఎందుకంటే ఆ మాటలోని అక్షరాలన్నీ రెండు కీబోర్డుల్లోనూ ఒకే చోట ఉంటాయి, అది నాకు తర్వాత తెలిసింది. పక్కన 'మారీ' అని కొట్టి కామా పెట్టి తలెత్తి చూస్తే స్క్రీన్ మీద ప్రశ్నార్థకం, క్యూ, ఆర్, ఐ, ఇ, చివర సెమికోలన్. కీబోర్డు పాడైందేమో అనుకుని చెయ్యెత్తాను. ఇన్విజిలేటర్ వచ్చి చూసి, ఇది అజర్టీ, అంటే ఫ్రెంచ్ కీబోర్డు, సెట్టింగ్ మార్చడం కుదరదు అని చెప్పి వెళ్లిపోయారు. చేతులు చల్లబడ్డాయి.

ఆ తర్వాత జరిగింది చెబితే నవ్వొస్తుంది. ఫుల్‌స్టాప్ కొడితే కోలన్ పడేది. ఫుల్‌స్టాప్ కావాలంటే మన కామా ఉండే చోట షిఫ్ట్ పట్టుకుని నొక్కాలి, అది కనిపెట్టడానికే రెండు నిమిషాలు పట్టింది. పోనీ షిఫ్ట్ నొక్కుదామంటే అక్కడ ఎడమ షిఫ్ట్ పొట్టిది, దాని పక్కన ఇంకో కీ ఇరికించారు, చిటికెన వేలు దాని మీద పడి ప్రతి రెండు వాక్యాలకీ ఒక 'లెస్ దాన్' గుర్తు. ఆక్సెంట్ కోసం అలవాటుగా అపాస్ట్రఫీ చోట నొక్కితే యూ మీద గీతతో ఒక అక్షరం ఊడిపడేది. అలా టాష్ 1కే 23 నిమిషాలు పోయాయి. టాష్ 3కి వచ్చేసరికి పావుగంట కూడా లేదు, 120 మాటలు కావాల్సిన చోట డెబ్బై చిల్లర రాసి చేతులెత్తేశాను.

'భాష వస్తే కీబోర్డు ఒక లెక్కా' అని తర్వాత ఒకరిద్దరు అన్నారు. వాళ్లు ఆ కుర్చీలో కూర్చోలేదు కాబట్టి అన్నారు. 'ఇల్ ఫో క్' (ఫలానాది చేయాలి అనడం) తర్వాత సబ్‌జోంక్తిఫ్ అనే క్రియారూపం రావాలని నన్ను నిద్రలో లేపి అడిగినా చెప్తాను, అయినా ఆ రోజు మామూలు వర్తమానమే రాసేశాను. ఎం ఎక్కడుందో వెతికే బుర్రకి వ్యాకరణం గుర్తుండదు. ఇది సాకు అనుకుంటే అనుకోండి.

వారం రోజులు ఏడ్చాక లాప్‌టాప్‌లో ఫ్రెంచ్ లేఅవుట్ యాడ్ చేశాను. విండోస్ కీ, స్పేస్ కలిపి నొక్కితే మారుతుంది. అప్పుడు తీరిగ్గా చూస్తే తెలిసింది, 26 అక్షరాల్లో కదిలినవి ఐదే. ఎ, క్యూ చోట్లు మార్చుకున్నాయి, జెడ్, డబ్ల్యూ చోట్లు మార్చుకున్నాయి, ఎం వచ్చి ఎల్ పక్కన కూర్చుంది. ఎఫ్, జె మీది గీతలు వాటి చోటే ఉన్నాయి. అంటే నన్ను ఫెయిల్ చేసినవి ఐదు అక్షరాలూ ఒక ఫుల్‌స్టాపూ! ఆక్సెంట్ల మాటకొస్తే అజర్టీయే సుఖం, అంకెల వరుసలో 2, 7 దగ్గర ఇ మీది రెండు గీతలు, 9 దగ్గర సెడీ (సి కింద తోక), 0 దగ్గర ఎ మీద గీత. రెండు ఏడు తొమ్మిది సున్నా అని ఫోన్ నంబర్‌లా బట్టీ పట్టాను. అపాస్ట్రఫీ 4, హైఫన్ 6. అంకె కావాలంటే మాత్రం షిఫ్ట్ పట్టుకోవాలి. ఇ మీద టోపీ కావాలంటే పీ పక్క కీ కొట్టి తర్వాత ఇ కొట్టాలి. యూ మీది గీతని చిన్నచూపు చూడకండి, 'లేదా' అనే ఊకీ 'ఎక్కడ' అనే ఊకీ తేడా అదొక్కటే.

పెద్ద ఇ మీద ఆక్సెంట్‌కి నేరుగా కీ లేదు, అందుకే అలాంటి మాటతో వాక్యం మొదలుపెట్టడమే మానేశాను. 2019లో అఫ్నోర్ అనే ఫ్రాన్స్ ప్రమాణాల సంస్థ ఈ ఇబ్బంది తీరేలా కొత్త అజర్టీ ప్రమాణం తెచ్చింది, కానీ నాకు రెండుసార్లూ ఎదురైంది పాతదే.

కీల మీద స్టిక్కర్లు అంటించుకోవద్దు. స్టిక్కర్ ఉంటే కళ్లు కిందికే పోతాయి. రోజూ 20 నిమిషాలు, మొదటి రెండు వారాలు సొంతంగా ఏమీ రాయకుండా మోడల్ జవాబులే చూసి కొట్టాను. జ్వరం వచ్చిన రోజు కూడా మానలేదు. ఇవాళ మూడ్ లేదు, రేపు రెండు గంటలు కూర్చుంటా అనేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది, వేళ్లకి రేపు అనేది తెలీదు... సరే, క్లాసు పీకను. మూడో వారానికి స్పీడు వచ్చింది, కాకపోతే ఆఫీసు మెయిళ్లలో ఎ బదులు క్యూలు పడి పరువు పోయింది.

రెండోసారి స్లాట్ బుక్ చేసేముందే ఏ కీబోర్డు అని సెంటర్‌ని అడిగాను. ఫ్రెంచే అన్నారు. లోపలికెళ్లాక ముందు ఆ పొట్టి షిఫ్ట్‌ని వేలితో తడిమి చూసుకున్నాను. టాష్ 1 పన్నెండు నిమిషాలు, టాష్ 2 పద్దెనిమిది, మిగిలిన అరగంటా టాష్ 3కే. నాలుగు నిముషాలు మిగిలితే తప్పులు దిద్దుకున్నాను, సబ్‌జోంక్తిఫ్ ఒకటి దొరికింది కూడా.

స్కోరు రెండేళ్లు చెల్లుతుంది. ఇక వెళ్లి కెనడా పీఆర్ కోసం పెట్టే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ ప్రొఫైల్‌లో ఎక్కించుకోవాలి.