ఘాటనుకున్న దగ్గు

గుంటూరులో దగ్గును ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఫిబ్రవరి నుంచి మే దాకా మిర్చి యార్డు చుట్టుపక్కల పనిచేసే వాళ్లమంతా దగ్గుతూనే ఉంటాం. తేజ రకం మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, దించే రోజైతే రోడ్డు మీద బండి నడిపేవాడు కూడా ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటాడు. నేను పంతొమ్మిదేళ్లుగా ఒక కోల్డ్ స్టోరేజీలో గుమాస్తాను. ఆ దగ్గుకు అలవాటు పడటమే నా ప్రాణం మీదికి తెచ్చింది.

మే నెల, మధ్యాహ్నం. షార్ట్ సర్క్యూట్ అయి ఒక ఛాంబర్ గోడకున్న థర్మాకోల్ అంటుకుంది. మంట చిన్నదే, పొగ మాత్రం చెప్పలేనంత. పై అంతస్తులో సరుకు సర్దుతున్న ముగ్గురు హమాలీల కోసం నేనూ జట్టు మేస్త్రీ లోపలికి పరిగెత్తాం. పది నిమిషాలు కూడా లేము. థర్మాకోల్, గోనెసంచులు, మిరపకాయలు కలిసి కాలిన పొగ అది. అందరం బయటపడ్డాం. ఒంటి మీద ఒక్క బొబ్బ లేదు. దేవుడి దయ అనుకున్నాం.

సాయంత్రానికి తలనొప్పి, రెండు వాంతులు. దగ్గర్లోని క్లినిక్‌లో వేలికి క్లిప్ పెట్టారు. 98 చూపించింది. "ఆక్సిజన్ బాగానే ఉంది, మిర్చి ఘాటు పట్టేసింది" అని దగ్గు మందు రాసి పంపించారు. నేనూ నమ్మాను. పంతొమ్మిదేళ్లుగా నేను చెప్పుకుంటున్నదీ అదే మాట కదా.

ఆ 98 సంగతి తర్వాత తెలిసింది. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. వేలికి పెట్టే క్లిప్‌కు ఆ తేడా తెలియదు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన హిమోగ్లోబిన్‌ను కూడా ఆక్సిజన్ ఉన్నదిగానే లెక్కేస్తుంది. దొంగ జమ రాసిన పద్దులాంటిది. అసలు లెక్క తేలాలంటే రక్తం తీసి, దాన్ని విడిగా కొలిచే మిషన్‌లో పెట్టాలి. పొగలో చిక్కుకున్న మనిషికి తలనొప్పి, వాంతులు ఉంటే క్లిప్‌లో అంకె చూసి ఇంటికి పంపకూడదు. ఈ ఒక్క ముక్క కనిపించిన వాళ్లందరికీ చెబుతున్నాను.

మర్నాడు బాగానే తిరిగాను. గొంతు బొంగురుపోయిందంతే. ఆ రాత్రి రెండింటికి దగ్గుతో లేచాను. వాష్ బేసిన్‌లో ఉమ్మితే నల్లగా పడింది. కాటుక కలిపిన జిగురులా సాగుతోంది. పడుకుంటే ఊపిరి ఆడటం లేదు. "ఏమండీ, ఇది ఘాటు కాదండీ" అంది నా భార్య. ఆటోలో కొత్తపేటలోని ఆసుపత్రికి చేరేసరికి మాట రావడం లేదు. ఈసారి క్లిప్ కూడా 84 చూపించింది. నాలుగు రోజులు వెంటిలేటర్ మీద ఉన్నాను. ఆ రోజుల గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

గొట్టం తీశాక డాక్టరమ్మను మొదట రాసి అడిగింది ఒకటే. మర్నాడంతా బాగున్నవాణ్ని ఎందుకు మునిగిపోయాను? ఆవిడ ఓపిగ్గా కూర్చుని చెప్పారు. ఊపిరితిత్తిలోని చిన్న గాలితిత్తి గోడకు, రక్తనాళానికి మధ్య ఉండే పొర కాగితం మందంలో వందో వంతు కూడా ఉండదట. పొగలోని విషాలు ఆ పొరను దెబ్బతీస్తాయి. ఒంటికి తగిలిన దెబ్బ వాచినట్టే ఇదీ వాస్తుంది, కాకపోతే అందుకు ఒకటి నుంచి మూడు రోజులు పట్టవచ్చు. అప్పుడు రక్తంలో ఉండాల్సిన ప్రోటీన్లు తిత్తుల్లోకి కారతాయి. నా ఊపిరితిత్తుల్లోంచి లాగిన నీరు నా భార్యకు చూపించారట. గంజిలా చిక్కగా, పైన నురగతో ఉందట. "ఇది ఉత్త నీరు కాదమ్మా, ఆల్బుమిన్ అనే ప్రోటీన్. ఆయన రక్తంలోదే" అన్నారట.

దానితోపాటు ఫైబ్రినోజెన్ కూడా కారుతుంది. గాయం మీద పెచ్చు కట్టించేది అదే. చర్మం మీదైతే మేలు, శ్వాసనాళంలో అయితే బిరడా. అందుకే రక్తం గడ్డకట్టకుండా వాడే హెపారిన్‌ను నెబులైజర్‌లో పట్టారు. తిత్తులు ముడుచుకోకుండా లోపల సర్ఫాక్టెంట్ అని ఒక పూత ఉంటుంది. నెలలు నిండని పిల్లలకు పుట్టగానే ఊపిరితిత్తుల్లోకి పోసే మందు అదే. అందులో ఎక్కువ భాగం కొవ్వు పదార్థం. అది సరిగ్గా పరుచుకోవాలంటే ఎస్‌పీ-బి, ఎస్‌పీ-సి అనే చిన్న ప్రోటీన్లు కావాలి. కారి వచ్చిన ఆల్బుమిన్ ఆ పూతను పనిచేయనివ్వదు.

నన్ను బాగా కలచివేసింది మాత్రం ఇంకొకటి. దెబ్బ తగిలిన చోటికి తెల్లకణాలు వచ్చి ఎలాస్టేజ్ అనే ఎంజైమ్‌ను వదులుతాయి. అది ఊపిరితిత్తికి సాగే గుణాన్నిచ్చే ఎలాస్టిన్‌ను కోసేస్తుంది. దానికి పగ్గం వేయడానికి మన కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ప్రోటీన్ తయారు చేసి రక్తంలోకి పంపుతుంది. పొగ సరిగ్గా ఆ కాపలాదారుడినే పాడుచేస్తుంది. అందులో మెథియోనిన్ అనే అమైనో ఆమ్లం ఉన్న ఒకే ఒక్క చోట ఆక్సిజన్ అంటుకుంటే చాలు, పట్టు తప్పుతుందట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తాళం వేసి ఉందనుకున్న గోదాముకు తాళమే లేదని తెలిసినట్టు అనిపించింది.

ఇంటికొచ్చేటప్పుడు మూడు బంతుల పరికరం ఇచ్చారు. గొట్టం నోట్లో పెట్టుకుని గాలి లోపలికి పీల్చాలి. మొదటి వారం ఒక్క బంతి సగం లేచేది, అంతలోనే కళ్లు తిరిగేవి. ఆరో వారానికి రెండు లేచాయి. మేడ మెట్లు ఎక్కడానికి మూడు నెలలు పట్టింది. ఈలోపు మేస్త్రీని, ఆ ముగ్గురినీ పిలిపించి పరీక్ష చేయించాను. ఒకతనికి పిల్లికూతలు వినిపిస్తున్నాయి. "ఘాటే కదా గుమాస్తా గారూ" అన్నాడు. కోపమొచ్చింది, దుఃఖమూ వచ్చింది. చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. ఇప్పుడతను ఇన్‌హేలర్ వాడుతున్నాడు.

శ్రావణంలో మళ్లీ పనిలో చేరాను. లెక్కల గది వరకే, ఛాంబర్లలోకి వెళ్లను. ఇంట్లో పోపులో ఎండుమిర్చి వేగితే ఇప్పుడు దగ్గొస్తుంది, ఇదివరకు వచ్చేది కాదు. అప్పుడు నా భార్య స్టవ్ కట్టేసి, గరిటె చేత్తోనే గుమ్మంలోకి వచ్చి నిలబడుతుంది. ఏమీ అడగదు. దగ్గు ఆగిందాకా చూసి, అప్పుడు వెళ్లి మళ్లీ స్టవ్ వెలిగిస్తుంది.