రెండు చెవుల్లో రెండు శ్రుతులు

గత కార్తీకంలో ఒకరోజు తెల్లవారుజామున లేచేసరికి నా కుడి చెవిలో ఎవరో దూది కుక్కినట్టు ఉంది. లోపల జోరీగ దూరినట్టు ఒకటే మోత. జలుబేమో అనుకున్నాను. ఇప్పుడు భయం తగ్గింది కాబట్టి ఇదంతా రాయగలుగుతున్నాను.

మాది విజయనగరం. లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యాను. పాట పాడలేను, వాయిద్యం రాదు. వినడం ఒక్కటే వచ్చు. పొద్దున్న ఆరింటికి అయ్యకోనేరు గట్టు మీద మేం నలుగురం కలుస్తాం. పిల్లలకు వయొలిన్ నేర్పే ఫిడేలు మాస్టారు, గాజుల కొట్టాయన, బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి, నేను. ముందురోజు ఏం విన్నామో ఒక్కొక్కరం చెప్పాలి. ఏ రాగం, ఎవరి కచేరీ, మనసు ఎక్కడ ఆగిపోయింది. 'బాగుంది' అని ఊరుకుంటే ఒప్పుకోరు, ఎక్కడ బాగుందో చెప్పాలి. మధ్యమావతి రాగంలో ఒక్క నిషాదం, అంటే 'ని' స్వరం గురించి ఆ అమ్మాయి పావుగంట చెప్పిన రోజు నాకింకా గుర్తు. రేపు పొద్దున్న నలుగురికీ చెప్పాలి అనుకుంటూ వింటే చెవికి అన్నీ దొరుకుతాయి. పదకొండేళ్లుగా ఇవన్నీ నోటుబుక్కుల్లో రాసుకుంటున్నాను.

చెవి మూసుకుపోయిన రోజే ఒక డాక్టరు దగ్గరికి వెళ్లాను. టార్చి వేసి చూసి, గులిమి అన్నారు. చుక్కలు రాసి వారం తర్వాత రమ్మన్నారు. "రోజూ సంగీతం వింటానండీ, టెన్షన్‌గా ఉంది" అన్నాను. చీటీ మీంచి తలెత్తకుండానే, "ఇంకో చెవి ఉంది కదా మాస్టారూ. ఈ వయసులో పాటలు వినకపోతే ఏం పోయింది?" అన్నారు. ఆ మాట ఇంకా నాలో కుతకుతలాడుతూనే ఉంది. ఆయన కాలు విరిగితే ఇంకో కాలు ఉంది కదా అంటారా?

మూడో రాత్రి నిద్ర పట్టలేదు. ఒంటిగంట దాటాక, మనసు కుదుటపడుతుందని ద్వారం వెంకటస్వామినాయుడుగారి పాత ఫిడేలు రికార్డింగు ఒకటి కొంచెం గట్టిగా పెట్టాను. 1919లో మా ఊళ్లో సంగీత కళాశాల పెడితే ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారంవారు ఇరవై ఆరేళ్లకే అక్కడ వయొలిన్ చెప్పడానికి చేరారు, 1936లో ఆయనా ప్రిన్సిపాలయ్యారు. చూపు మందగించినా చెవిని నమ్ముకుని బతికిన మనిషి. ఆ ఫిడేలు మా ఊళ్లో మాకు దేవుడి గదిలో దీపం లాంటిది.

కమాను తీగ మీద పడగానే నా ఒళ్లు జలదరించింది. ఎడమ చెవిలో షడ్జం, అంటే 'స', షడ్జంలాగే ఉంది. కుడి చెవిలో అదే షడ్జం దాదాపు అర స్వరం కిందికి జారి, పగిలిన రేకు డబ్బాలా మోగుతోంది. ఒక చెవి మూశాను, తెరిచాను. రెండోది మూశాను, తెరిచాను. ఒకే ఫిడేలు, రెండు శ్రుతులు. పిచ్చి పడుతోందేమో అనుకున్నాను. ఆపేశాను. ఆపినా కుడి చెవిలో మోత ఆగలేదు.

మా ఆవిడ లేచి, "ఏటండీ, ఏటయింది?" అంది. "ద్వారంవారి ఫిడేలు అపశ్రుతి పలుకుతోందే" అన్నాను. ఆ మాట నా నోట వచ్చినందుకు నాకే ఏడుపు వచ్చింది. ఆవిడకి సంగీతం తెలీదు. నా తల తన ఒళ్లో పెట్టుకుని, కుడి చెవి మీద అరచెయ్యి వేసి తెల్లవారేదాకా అలాగే కూర్చుంది. పైడితల్లమ్మకి మొక్కింది కూడా.

మర్నాడు విశాఖపట్నంలో చెవి డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. ఆవిడ శ్రుతి దండం (ట్యూనింగ్ ఫోర్క్) మోగించి నా నుదుటి మీద ఆనించారు. మోత ఎడమ పక్కకి, మంచి చెవి వైపుకి పోయింది. "గులిమి అడ్డమైతే శబ్దం మూసుకున్న చెవిలోనే గట్టిగా వినపడుతుంది. ఇది నరం దెబ్బతినడం" అన్నారు. ఒక్క నిమిషం పట్టింది. ఆ నిమిషం మొదటాయన పెట్టి ఉంటే నాకు మూడు రోజులు మిగిలేవి. తర్వాత వినికిడి కొలిచే ఆడియోగ్రామ్, స్టెరాయిడ్ మాత్రలు, కర్ణభేరి గుండా మూడు ఇంజెక్షన్లు. స్టెరాయిడ్‌కి షుగరు పెరిగింది, దానికి మళ్లీ మందులు. అవన్నీ అందరికీ తెలిసినవే.

ఒక్క సంగతి మాత్రం రాసి పెట్టుకోండి. ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే నోరు మూసి 'మ్‌మ్' అని ఒక స్వరం పట్టండి. అది మంచి చెవిలోనే వినపడితే ఆ రోజే చెవి డాక్టరు దగ్గరికి పరిగెత్తండి. ఎటు వినపడినా వెళ్లడమే మంచిది, వారం మాత్రం ఆగొద్దు. ఈ జబ్బుకి మొదటి రెండు వారాలే కీలకం, అందులోనూ ఎంత ముందు వెళితే అంత మేలు.

గట్టు మీదికి వెళ్లడం మానేశాను. జ్వరమని అబద్ధం చెప్పాను. విననివాడిని, వాళ్లకి ఏం చెప్పను? అయిదో రోజు ముగ్గురూ ఇంటికే వచ్చేశారు. సంగతి తెలిసాక ఎవరూ పాట పెట్టలేదు. ఎడమ పక్కన కూర్చుని, వాళ్లు విన్నది నోటితో చెప్పారు. గాజుల కొట్టాయన ఖరహరప్రియ రాగం ఆలాపన గురించి చెబుతూ, "రిషభం దగ్గర ఆగి, ఇంట్లోకి రానా వద్దా అన్నట్టు గుమ్మంలో నిలబడ్డాడండీ" అన్నాడు. ఆ గుమ్మం నాకు కనపడింది. అలా నలభై రోజులు వంతులు వేసుకుని ఎవరో ఒకరు వచ్చారు. మా అబ్బాయి ఫోన్లో "పాటలే కదా నాన్నా, ప్రాణాలకేం లేదు కదా" అన్నాడు. వాడి ప్రేమ వాడిది. కానీ ఆ రోజుల్లో నా ప్రాణం నిలబెట్టింది ఈ ముగ్గురు.

ఫిడేలు మాస్టారు తన ఫిడేలు తెచ్చి, రాగం జోలికి పోకుండా, మెల్లగా ఒక్క షడ్జం పొడుగ్గా లాగేవారు. "రెండున్నాయా, ఒకటేనా?" అని అడిగేవారు. రెండు, రెండు, రెండు. పంతొమ్మిదో రోజున ఒకటైపోయింది. మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది, నేను అంత గట్టిగా అరిచానట. ఆ మంగళవారం పైడితల్లమ్మ గుడికి వెళ్లి మొక్కు తీర్చుకున్నాం. మందుదా, అమ్మదా అంటే నేను రెండు చేతులూ జోడిస్తాను.

మొదటి డాక్టరుకి ఆడియోగ్రామ్ తీసుకెళ్లి చూపించాను. "తగ్గిపోయింది కదా" అన్నారు. తగ్గిపోలేదు. పైస్థాయి శబ్దాలు కుడి చెవికి ఇంకా రాలేదు. కంజీరా గజ్జెలు ఆ పక్క మూగగానే ఉన్నాయి. గట్టు మీద ఇప్పుడు అందరికీ కుడి చివరన కూర్చుంటాను, మాటలు ఎడమ చెవిలో పడేలా.

నిన్న రాత్రి ఎడమ చెవిలో దూది పెట్టుకుని, కుడి చెవి ఒక్కదానితో భైరవి విన్నాను. భైరవి రాగంలో ధైవతం, అంటే 'ద', రెండు రకాలు. ఎక్కేటప్పుడు చతుశ్రుతి ధైవతం, దిగేటప్పుడు శుద్ధ ధైవతం. రెంటికీ తేడా అర స్వరం. పొద్దున్న అదే చెప్పాను. "ధైవతాలు రెండూ వేరుగా తెలిసాయా?" అని ఫిడేలు మాస్టారు రెండుసార్లు అడిగారు. తెలిసాయన్నాను. ఆయన కళ్లజోడు తీసి కండువాతో తుడుచుకున్నారు. గాజుల కొట్టాయన వంతు వచ్చింది. ఆయన విన్నది బిలహరి.