మూడు సినిమాలు, ఒక ముసురు

పొద్దున్నుంచి ముసురు. బట్టలు ఆరవు, బయట పనేమీ లేదు, అమ్మ ఊరి నుంచి వచ్చి ఉంది, దాంతో ఈ శని, ఆదివారాలు సినిమాలతోనే గడిచిపోయాయి. నిన్న రాత్రి 'మల్లేశం', ఈ మధ్యాహ్నం 'బలగం', 'కోర్ట్' ఇందాకే అయిపోయింది. మూడింట్లోనూ నటుడు ప్రియదర్శే ఉండాలని ముందుగా ఏమీ అనుకోలేదు. 'మల్లేశం' అమ్మ కోసం పెట్టాను, అది అయ్యాక "గీ పిలగానిది ఇంకోటి పెట్టు బిడ్డా" అని ఆమే అడిగింది. రాత్రి వంట మా ఆయన చూసుకుంటానన్నాడు కాబట్టి, మనసులో ఉన్నది ఉన్నట్టు రాసిపెట్టుకుందామని కూర్చున్నాను.

'మల్లేశం' 2019లో వచ్చినప్పుడే థియేటర్‌లో చూశాను. బాగుందనుకుని ఇంటికొచ్చేశాను, అంతే. కానీ అమ్మ పక్కన కూర్చుని చూడటం పూర్తిగా వేరు. అమ్మ పుట్టిల్లు పోచంపల్లి వైపు, నేత పనే బతుకుదెరువు, పెళ్లయ్యేదాకా ఆసు పోసింది. చీరకు ముడులు కట్టి రంగులద్దే ముందు, దారాన్ని ఒక కొయ్య నుంచి ఎదురుగా అర్ధచంద్రంలా బిగించిన మేకులకు ఒక్కోదానికీ చుట్టి మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి, అదీ ఆసు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9000 సార్లు అలా పోయి రావాలి, నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ల మీదే పడేది, మగ్గం మీద కూర్చున్నవాళ్లను చూసినట్టు వాళ్లనెవరూ పెద్దగా చూసేవాళ్లు కాదు.

సినిమాలో మల్లేశం వాళ్లమ్మగా ఝాన్సీ ఆసు పోసే సీన్ వచ్చినప్పుడు నేను టీవీ వదిలేసి అమ్మనే చూస్తున్నాను. సోఫాలో ఒళ్లో పెట్టుకున్న కుడిచెయ్యి మెల్లగా లేచింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య లేని దారాన్ని పట్టుకుని, మోచెయ్యి చాచి, కొంచెం ఎడమ నుంచి కుడికి జరుపుకుంటూ, ఒక్కో మేకు దగ్గర మణికట్టు చిన్నగా తిప్పి వెనక్కి తెచ్చుకుంటోంది. ఆ పని వదిలేసి నలభై ఏళ్లు దాటింది, అయినా చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. "రాత్రి పండుకుంటే రెక్క గుంజేది, పక్కకు తిరగనిచ్చేది కాదు" అంది, కళ్లు టీవీ మీద నుంచి తిప్పకుండానే. ఇన్నేళ్లలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు. నేను అడిగిందీ లేదు.

ఈ సినిమాకు మూలమైన అసలు మనిషి చింతకింది మల్లేశం గారిది ఆలేరు దగ్గర శారాజీపేట. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. వాళ్లమ్మ భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెడితే అది పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. దానికి అమ్మ పేరే పెట్టుకున్నారు, లక్ష్మి ఆసు యంత్రం. దాంతో ఒక చీర ఆసు గంటన్నరలో అయిపోతుంది. 2017లో పద్మశ్రీ వచ్చింది. సినిమా ఈ కథంతా చెప్పింది, పెద్దింటి అశోక్ కుమార్ మాటలు కూడా మన ఇళ్లల్లో విన్నట్టే ఉన్నాయి. నాకు నచ్చనిదల్లా యంత్రం దగ్గర తొందరపడటం. ఏడేళ్లు ఒక మనిషి దేని దగ్గర ఆగిపోయాడు, ఏ భాగం కదల్లేదు, ఏది కదిలింది అన్నది ఇంకాస్త నిదానంగా చూపించాల్సింది. అప్పులూ ఊళ్లోవాళ్ల ఎగతాళీ మనం చాలా సినిమాల్లో చూశాం, ఆ యంత్రం మాత్రం ఈ ఒక్క సినిమాలోనే ఉంది కదా.

అయినా ఆ సినిమా నాకు ఇష్టమే, కారణం ప్రియదర్శి. 2016లో 'పెళ్లిచూపులు'లో కౌశిక్‌గా ఆపకుండా మాట్లాడి అందర్నీ నవ్వించిన మనిషే ఇక్కడ చాలా సీన్లలో నోరు తెరవడు. అమ్మ భుజం పట్టుకుని లేస్తుంటే చూస్తాడు, అంతే. ఆ చూపులో జాలి కంటే ఎక్కువగా ఏదో లెక్క కడుతున్నట్టు ఉంటుంది. ఎదుటి మనిషి మాట్లాడుతున్నప్పుడు మన హీరోలు చాలామంది తమ డైలాగ్ కోసం ఆగినట్టు కనిపిస్తారు, ఇతను నిజంగా వింటాడు. నాకు తెలిసి తెలుగులో ఇప్పుడు ఇంత బాగా వినే నటుడు ఇంకొకరు లేరు.

'బలగం' చూస్తున్నప్పుడు ఇది ఇంకా గట్టిగా అనిపించింది. తాత కొమురయ్య చనిపోతే మనవడు సాయిలుకు ముందు దిగులు తాత గురించి కాదు, ఆగిపోయే తన నిశ్చితార్థం గురించి, మెడ మీదున్న అప్పుల గురించి. ఆ స్వార్థాన్ని ప్రియదర్శి ఎక్కడా దాచలేదు, అందుకే చివర్లో మారితే నమ్మబుద్ధేస్తుంది. మూడో రోజు పెట్టింది కాకి ముట్టకపోవడం దగ్గర మా ఆయన వంటింట్లోంచి వచ్చి నిలబడిపోయాడు. ఆయనది విశాఖపట్నం, భాష వేరు, తంతులో తేడాలున్నాయి, కానీ వాళ్ల తాతగారికి పిండం పెట్టి కాకి కోసం అందరూ ఆకాశం వైపు చూస్తూ ఎండలో నిలబడ్డ సంగతి చెప్పాడు. ఆ నిమిషంలో ఎవరి మనసులో ఏముందో బయటపడిపోతుందన్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకోరట. సినిమాలో కూడా సరిగ్గా అలాగే.

ఇక చివర్లో ఊరూరా తిరిగి కథలు పాడే బుడగ జంగాల పాట. కొమురమ్మ, మొగిలయ్య దంపతులు నిజజీవితంలోనూ అలా పాడేవాళ్లే. 2023లో ఊళ్లల్లో తెర కట్టి ఈ సినిమా వేసుకుంటే జనం ఏడ్చింది ఎక్కువగా ఆ పాటకే. మొగిలయ్య గారు 2024 డిసెంబరులో కన్నుమూశారు, అది తెలిసి ఇవాళ వింటుంటే గొంతు పట్టేసింది. దర్శకుడు వేణు ఆ పాట మీద తొందరపడలేదు, పాడేవాళ్లను చూపిస్తూ, వింటున్న కొడుకులనూ కూతురినీ మనవడినీ చూపిస్తూ పోయాడు. ఆ కుటుంబాన్ని కలిపింది ఎవరో చెప్పిన నీతి కాదు, అందరూ ఒకచోట కూర్చుని ఒక పాట పూర్తిగా వినడం.

అమ్మ మాత్రం కొమురయ్య కూతురు లక్ష్మి దగ్గరే ఆగిపోయింది. విందులో అల్లుడికి మూలుగ బొక్క పడలేదని మొదలైన గొడవ ఇరవై ఏళ్లు సాగుతుంది. "బొక్క మొగోళ్లది, పంతం మొగోళ్లది, తల్లిగారిల్లు పోయింది మాత్రం ఆడిబిడ్డది" అంది అమ్మ. రూపలక్ష్మి ఆ పాత్రను చాలా బాగా చేసింది, ఏడుపులో కోపం కూడా కలిపి చేసింది. కానీ ఆ ఇరవై ఏళ్లు ఆమె పండగలకు ఏం చేసింది, నాన్నను చూడాలనిపించినప్పుడు ఏం చేసింది అని సినిమాలో ఆమెను కూర్చోబెట్టి అడిగినవాళ్లు లేరు. ఇంత మంచి సినిమాలో ఆ ఒక్కటి ఉంటే అని నాకు ఆశ.

'కోర్ట్'కి వచ్చేసరికి అదే ఆశ కోపమైంది. సినిమా బాగా లేదని కాదు, కొత్త దర్శకుడు రామ్ జగదీష్ చాలా పట్టుగా తీశాడు. కథ 2013 నాటి విశాఖలో, పందొమ్మిదేళ్ల చందు, పదిహేడేళ్ల జాబిల్లి ప్రేమించుకుంటారు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం అప్పటికి ఏడాది కిందట వచ్చిందే. పద్దెనిమిది నిండని అమ్మాయి ఇష్టపడినా ఆ ఇష్టం చట్టం ముందు లెక్కలోకి రాదు. నిజంగా పిల్లల మీద అఘాయిత్యాలు చేసేవాళ్ల కోసం తెచ్చిన చట్టాన్ని ఇంటి పరువు కోసం చందు లాంటివాడి మీద వాడుకుంటే ఏమవుతుందో జాబిల్లి మామయ్య మంగపతిని చూస్తే అర్థమవుతుంది. శివాజీ ఆ పాత్రలో గదిలోకి అడుగుపెడితే చాలు, మా అమ్మ కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చుంది. అలాంటి మేనమామలూ బాబాయిలూ ప్రతి చుట్టరికంలో ఒకరుంటారు, పిల్లలు నవ్వే చోటికి వాళ్లొస్తే నవ్వు ఆగిపోతుంది. ప్రియదర్శి ఇందులో కేసుల కోసం ఎదురుచూసే జూనియర్ లాయర్, వాదించే సీన్లలో కంటే చందు వాళ్లు చెప్పుకుంటుంటే వినే సీన్లలోనే నాకు ఎక్కువ నచ్చాడు.

నా కోపం జాబిల్లి విషయంలో. కేసు పెట్టింది ఆ పిల్ల పేరు మీద, కానీ చాలాసేపు ఆ పిల్ల గురించి మామయ్య మాట్లాడతాడు, లాయర్లు మాట్లాడతారు, పోలీసులు మాట్లాడతారు. జైల్లో చందు ఎలా నలిగిపోతున్నాడో దగ్గరగా తెలుస్తుంది, ఇంట్లో జాబిల్లి ఎలా ఉందో అంత దగ్గరగా తెలియదు. ఆ తలుపు అవతల గడిచిన రోజులు కూడా జైలే కదా. మా ఆయన ఒప్పుకోడు. శిక్ష పడే భయం ఆ అబ్బాయికి కాబట్టి కెమెరా అతని దగ్గరే ఉంటుందని, రెండువైపులా చూపిస్తే ఆ టెన్షన్ పోతుందని ఆయన వాదన. టెన్షన్ కొంచెం తగ్గినా ఫర్వాలేదు, ఆ పిల్ల ఒక్కతే ఉన్న గదిలో ఒక పది నిమిషాలు ఉండాల్సింది అని నేను. ఇది రాస్తూ మధ్యలో భోజనాలకు లేస్తే అక్కడా ఇదే నడిచింది, అమ్మ నా వైపే. ఆయన ఇంకా ఒప్పుకోలేదు, గిన్నెలు కడుగుతూ కూడా కథ రాసేవాళ్లు ఎవరో ఒకరిని ఎంచుకోక తప్పదు కదా అంటున్నాడు. ఎంచుకోవాలి, నిజమే, కానీ ప్రతిసారీ అటువైపే ఎందుకు అని రేపు అడుగుతాను.