బోన్ స్కాన్: సూది పడ్డాక మర్నాటి దాకా

విశాఖలో బోన్ స్కాన్ చేయించుకున్నాను. అంటే రేడియేషన్ వదిలే మందు సూదితో నరంలోకి ఎక్కించి, ఎముకల ఫొటో తీసే పరీక్ష. రేడియేషన్ అనగానే అందరి భయం ఆ కెమెరా గది మీదే. నిజానికి ఆ ఫొటో తీసే గామా కెమెరా ఏ కిరణాలనూ వదలదు, మన ఒంట్లోంచి వచ్చేవాటిని పట్టుకుంటుందంతే. సీటీ కూడా కలిసిన మిషన్ అయితే ఆ సీటీ వరకూ ఎక్స్‌రే ఉంటుంది. సూది పడ్డాక రేడియేషన్ ఉండేది మన ఒంట్లోనే. వెయిటింగ్ హాల్లో ఒక పెద్దావిడ కెమెరా గది తలుపు దగ్గరికి మనవణ్ణి పోనివ్వలేదు. అదే ఆవిడ సూది వేయించుకొచ్చి, వాణ్ణి ఒళ్లో కూర్చోబెట్టుకుంది. తప్పు ఆవిడది కాదు, ఎవరూ విడమరిచి చెప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మందులో రేడియేషన్ వదిలే పదార్థం టెక్నీషియం-99ఎం. పెద్దవాళ్లకు మామూలుగా 20 మిల్లీక్యూరీలకు (రేడియేషన్ మందుని కొలిచే లెక్క) అటూ ఇటూగా ఇస్తారు. దాని అర్ధాయువు, అంటే సగానికి తగ్గే కాలం, 6 గంటలు. పొద్దున 9కి 20 ఉన్నది మధ్యాహ్నం 3కి 10 అయిపోతుంది. మన కోసం తెచ్చింది దాచి ఉంచడం కుదరదు కాబట్టి, రాలేకపోతే ముందురోజే ఫోన్ చేసి చెప్పండి. ఈ స్కాన్‌కి పరగడుపున రానక్కర్లేదు, టిఫిన్ చేసే రావచ్చు. పెట్ స్కాన్ అనే ఇంకో పరీక్షకి మాత్రం 4 నుంచి 6 గంటలు ఏమీ తినకూడదు, షుగర్ కూడా అదుపులో ఉండాలి. రెంటినీ కలిపేసుకుని ఆకలితో నీరసపడేవాళ్లు ఉన్నారు.

నెల తప్పిందేమోనన్న అనుమానం ఏ కాస్త ఉన్నా సూదికి ముందే చెప్పాలి. పాలిచ్చే తల్లి కూడా చెప్పాలి. ఈ మందుకి పాలు మాన్పించే పని లేదు. జాగ్రత్త కోసం చాలాచోట్ల నాలుగు గంటలు ఆగి, ఆలోపు పాలు పిండి పారబోయమంటారు. ముందురోజే కొంచెం పిండి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బిడ్డ ఏడవదు.

సిరంజి చిన్నదే, దాని చుట్టూ ఉండే లోహపు తొడుగు మాత్రం బరువు. అది టెక్నీషియన్‌ని కాపాడటానికి. ఆయన రోజూ ఎన్నో సూదులు వేయాలి, మనకి ఒక్కటే. మందు నరంలోకే వెళ్లాలి. మంటగా ఉన్నా, ఉబ్బినట్టు అనిపించినా వెంటనే చెప్పండి. నరం పక్కకి పోతే అక్కడే పేరుకుని ఫొటోలో నల్లగా కనబడుతుంది. ఒక్కోసారి చంకలో గ్రంథి కూడా వెలిగి, లేని అనుమానం పుట్టిస్తుంది.

తర్వాత రెండు నుంచి నాలుగు గంటల నిరీక్షణ. మందు ఎముకల్లో పట్టుకోవాలి, మిగిలింది మూత్రంలో పోవాలి. "లీటరు పైగా తాగండమ్మా, ఆపుకోకుండా బాత్రూంకి వెళ్లండి" అన్నాడు టెక్నీషియన్. అన్నిటికంటే పనికొచ్చే మాట అదే. మన ఉక్కపోతకి నీళ్లన్నీ చెమటకే పోతాయి కాబట్టి ఇంకో సీసా దగ్గర పెట్టుకోండి. గుండె, కిడ్నీ జబ్బులకి నీళ్లు తగ్గించమన్నవాళ్లు డాక్టర్‌ని అడిగాకే తాగాలి.

బాత్రూంలో ఆడామగా అందరూ కూర్చునే వెళ్లాలి, రెండుసార్లు ఫ్లష్ చేసి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. సల్వార్ మీద ఒక్క చుక్క పడినా అది తుంటి ఎముక మీద మచ్చలా ఫొటోలో వచ్చేస్తుంది. అప్పుడు బట్టలు మార్చి, తొడ కడిగి మళ్లీ తీయాలి. ఒక జత బట్టలు వెంట ఉంటే ఆ తిప్పలుండవు. బల్ల ఎక్కేముందు ఇంకోసారి వెళ్లి రావాలి, మూత్రాశయం నిండుగా ఉంటే కటి ఎముకలు దాని వెనక దాగిపోతాయి. తాళాలు, చిల్లర, బెల్టు తీసేయాలి. అరగంట కదలకుండా పడుకోవడమే మన పని.

ఈ స్కాన్‌తో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 4 మిల్లీసీవర్టులు (ఒంటికి తగిలినదాన్ని కొలిచే లెక్క). ప్రకృతి నుంచి ఏడాదికి ప్రపంచ సగటు 2.4. మన భీమిలి ఒడ్డు ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది, అందులో రేడియేషన్ వదిలే థోరియం ఉంది. రేడియేషన్ ఈ ఊరికి కొత్త కాదు. అయినా అవసరం లేనివాళ్లకి అనవసరంగా ఎందుకు తగలాలి?

ఇంటికి బస్సులో రావచ్చు. గర్భిణి పక్కన మాత్రం కూర్చోకండి. ఒక మీటరు దూరంలో ఉన్నది రెండు మీటర్లకి జరిగితే ఆవిడకి చేరేది నాలుగో వంతే. ఆ రాత్రి పిల్లల్ని పక్కలో పడుకోబెట్టుకోవద్దు. వంట చేయొచ్చు, కలిసి తినొచ్చు. 24 గంటలకి పదహారో వంతు మిగులుతుంది, మూత్రంలో పోయింది పోగా ఇంకా తక్కువే.

థైరాయిడ్‌కి ఇచ్చే అయోడిన్-131 సంగతి వేరు. దాని అర్ధాయువు 8 రోజులు. మన దేశంలో 30 మిల్లీక్యూరీలు దాటితే విడిగా గదిలో ఉంచాకే పంపుతారు. వాళ్ల జాగ్రత్తలు మనకి, మనవి వాళ్లకి చెప్పకండి.

బోన్ స్కాన్ అయ్యాక, మంచం మీదున్న పెద్దవాళ్లకి డైపర్ వాడితే గ్లౌజులతో మార్చి, కవర్లో కట్టి ఒక రోజు విడిగా ఉంచి పారేయండి. రెండు మూడు రోజుల్లో విమానం ఎక్కాలంటే మందు పేరు, తేదీ రాసిన కాగితం ఆస్పత్రిలో అడిగి తీసుకోండి. విమానాశ్రయాల్లో, ఓడరేవుల్లో రేడియేషన్ పసిగట్టే పరికరాలుంటే అవి మోగవచ్చు.