రైఫిల్‌లో ఉక్కు పైపుల మైదానం

డెన్వర్ నుంచి ఐ-70 మీద పడమరగా సుమారు 290 కిలోమీటర్లు. గ్లెన్‌వుడ్ లోయ దాటాక కొండలు పక్కకు జరుగుతాయి. ఇంకాస్త ముందుకెళితే రైఫిల్. ఊరి శివార్లలో, కొలరాడో నది పక్కన, ఓ బోసి మైదానం. గడ్డిలోంచి తలలెత్తిన మూతల పైపులు తప్ప చూడ్డానికేమీ లేదు. అవి భూగర్భజలాన్ని పరీక్షించే బావులు. మేం వచ్చింది ఆ పైపుల కోసమే.

1924 నుంచి 1958 దాకా, మధ్యలో కొన్నేళ్లు ఆగి, ఇక్కడ వెనేడియం, యురేనియం మిల్లు నడిచింది. వ్యర్థాల గుట్టల్ని తొంభైలలో ఎత్తుకెళ్లి ఎస్టెస్ గల్చ్ అనే చోట పూడ్చారు. గుట్టలైతే పోయాయి గానీ, కింద గులకరాళ్ల పొరలోని నీళ్లలో యురేనియం మిగిలిపోయింది.

దాన్ని బ్యాక్టీరియాతో అక్కడే పట్టి ఉంచాలని 2002 వేసవిలో పరిశోధకులు ఆ నీళ్లలోకి వాటికి ఆహారంగా అసిటేట్ (వెనిగర్‌లోని ఆమ్లపు లవణం) పంపారు. భూగర్భజలంలో 1 నుంచి 3 మిల్లీమోలార్ ఉండేలా చూశారు. నీళ్లు ఎటు పోతున్నాయో తెలియడానికి బ్రోమైడ్ కలిపారు. జియోబాక్టర్ అనే బ్యాక్టీరియా అసిటేట్ తిని, మిగిలిన ఎలక్ట్రాన్లను ఆక్సిజన్ దొరకని చోట ఇనుప ఖనిజానికి, యురేనియానికి అంటగడుతుంది. రెండు ఎలక్ట్రాన్లు చేరితే కరిగే యురేనియం కరగని రూపానికి మారి అక్కడే పేరుకుంటుంది. కొన్ని బావుల్లో నీళ్లలోని యురేనియం 9 రోజులకే తగ్గడం మొదలై, 50 రోజుల్లో శుద్ధికి పెట్టిన 0.18 మైక్రోమోలార్ హద్దు కిందికి దిగింది. అంటే లీటరుకు దాదాపు 44 మైక్రోగ్రాములు.

చిక్కు ఆ తర్వాత వచ్చింది. అసిటేట్ పోసే బావుల దగ్గర వాడుకోదగ్గ ఇనుము తరిగిపోగానే సల్ఫేట్‌తో బతికే బ్యాక్టీరియాది పైచేయి అయింది. అసిటేట్ వాటి పాలైంది, యురేనియం మళ్లీ పెరిగింది. అందుకే ఇలాంటి చోట యురేనియం ఒక్కటే కొలిస్తే సరిపోదు. ఫెర్రస్ ఇనుము (నీళ్లలో కరిగే రూపం), సల్ఫేట్, సల్ఫైడ్ కూడా చూడాలి. సల్ఫేట్ పడిపోతోందంటే అసిటేట్ దారి మళ్లినట్టే. నమూనాకు గాలి తగలకూడదు, బావి దగ్గరే వడకట్టాలి. ఆలస్యమైతే ఫెర్రస్ సీసాలోనే తుప్పవుతుంది, అంకె తప్పొస్తుంది.

అసిటేట్ మానేసి ఎలక్ట్రాన్లనే కరెంటుగా ఇవ్వొచ్చని గ్రెగరీ, లవ్లీ అనే పరిశోధకులు 2005లో ప్రయోగశాలలో చూపించారు. గ్రాఫైట్ ఎలక్ట్రోడ్‌ను కొలతకు ఆధారంగా వాడే సిల్వర్ క్లోరైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్‌తో పోలిస్తే −500 మిల్లీవోల్టుల దగ్గర నిలిపారు. బ్యాక్టీరియా లేకపోయినా యురేనియం గ్రాఫైట్‌కు అంటుకుంది గానీ, కరెంటు ఆపగానే నీళ్లలోకి తిరిగొచ్చింది. జియోబాక్టర్ ఉన్నప్పుడు కరెంటు ఆపినా కదల్లేదు. ఇందులో నాకు నచ్చేది, గ్రాఫైట్‌ను పైకి లాగితే యురేనియం కూడా బయటికొస్తుంది. అసిటేట్ పద్ధతిలో అది భూమిలోనే ఉండిపోతుంది, ఆక్సిజన్ చేరితే మళ్లీ కరుగుతుంది.

అయితే ఎలక్ట్రోడ్ పనిచేసేది తనను తాకిన నీటి మీదే. గులకరాళ్ల మధ్య మెల్లగా పారే నీళ్లు దాని దాకా రావాలి, లేదా పంపుతో తేవాలి. పైగా కాథోడ్ దగ్గర, అంటే ఎలక్ట్రాన్లిచ్చే ఈ గ్రాఫైట్ దగ్గర, పీహెచ్ పెరిగి, కాల్షియం ఎక్కువున్న నీళ్లయితే గ్రాఫైట్ మీద తెల్లటి గార కడుతుంది.

కడప జిల్లాలో యురేనియం గని ఉన్న తుమ్మలపల్లె గుర్తొచ్చేది ఇక్కడే. అక్కడి ఖనిజం డోలమైట్ రకం సున్నపురాయిలో ఉంటుంది, యురేనియాన్ని క్షార పద్ధతిలో తీస్తారు. కాల్షియం, కార్బొనేట్‌లతో జట్టుకట్టిన యురేనియాన్ని ఈ బ్యాక్టీరియా చాలా నెమ్మదిగా మారుస్తుంది. అలాంటి నీళ్లకైతే ముందు కాల్షియం, ఆల్కలినిటీ (క్షారత) పరీక్ష చేయించి, ఆ తర్వాతే గ్రాఫైట్ కొనాలి.